ల్యుకేమియా వైద్యం మధ్యలో ఫిట్స్ వస్తే ఏం చేయాలి, ఎలా చేయాలి

ల్యుకేమియాకు, అంటే రక్త క్యాన్సర్‌కు, కీమో మొదలుపెట్టే ముందు ఆస్పత్రిలో చాలా చెబుతారు. జ్వరం వస్తే ఆలస్యం చేయొద్దంటారు. ప్లేట్‌లెట్ల సంగతి, నోటి పుండ్లు, జుట్టు రాలడం, అన్నీ చెబుతారు. ఫిట్స్ మాట మాత్రం వాళ్ళిచ్చే కాగితాల్లో ఎక్కడో ఒక మూల ఉంటుంది. మేం అంతవరకూ చదవలేదు.

మా తమ్ముడికి వెన్నులోకి కీమో మందు ఇచ్చిన తొమ్మిదో రోజు అది. మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. కుడి చేతి బొటనవేలు దానంతటదే ఎగరడం మొదలుపెట్టింది. "అన్నయ్యా, చెయ్యి నా మాట వినట్లేదు" అన్నాడు నవ్వుతూనే. ఆ నవ్వు ఒక పక్కకి లాగేసింది. తర్వాత ఒళ్ళంతా కొట్టుకోవడం. నేను చేసిన మొదటి పని వాడి చేతులు అదిమి పట్టుకోవడం. రెండో పని స్పూను కోసం పరిగెత్తడం. రెండూ తప్పే. ఎంతసేపు వచ్చిందని తర్వాత డాక్టరు అడిగితే నేను పది నిమిషాలన్నాను, అమ్మ రెండు నిమిషాలంది. గడియారం ఎవరూ చూడలేదు.

ఆ రోజు తెలియనివి తర్వాతి నెలల్లో డాక్టర్లను, నర్సులను అడిగి అడిగి తెలుసుకున్నాను. వాటిలో ఒకటి గుర్తుంటే మిగతావన్నీ అర్థమవుతాయి. ల్యుకేమియా ఉన్నవాళ్ళకు వచ్చే ఫిట్ చాలాసార్లు మూర్ఛరోగం కాదు. ఒంట్లో ఇంకేదో తేడా జరుగుతోందని అది చెబుతోంది. ఫిట్‌ను ఆపడం నిమిషాల పని. ఆ తేడా ఏమిటో పట్టుకోవడమే అసలు పని, దానికి ఇంట్లోవాళ్ళు చెప్పే వివరాలు చాలా అవసరం.

ముందుగానే ఒక కాగితం, ఒక ప్రశ్న

ఈ రోజే ఒక కాగితం రాసి అందరికీ కనిపించే చోట అంటించండి. అందులో జబ్బు పూర్తి పేరు, చూస్తున్న డాక్టరు పేరు, రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి. ఆఖరి కీమో ఏ తేదీన, ఏ మందుతో జరిగింది, వెన్నులో మందు ఆఖరిసారి ఎప్పుడిచ్చారు అన్నవి ఉండాలి. మింగుతున్న మందులన్నీ రాయండి, ముఖ్యంగా ఫంగస్ మందులు, యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్, బీపీ మాత్రలు. ఆఖరి పరీక్షలో ప్లేట్‌లెట్లు ఎన్ని, తెల్లకణాలు ఎన్ని, పడని మందు ఏదైనా ఉందా, బరువెంత. పిల్లలకైతే మందు మోతాదంతా బరువును బట్టే ఉంటుంది కాబట్టి ఆ అంకె తప్పనిసరి. ప్రతి కీమో తర్వాత కొట్టేసి మళ్ళీ రాసుకోవాలి. పాత తేదీలున్న కాగితం కంటే కాగితం లేకపోవడమే నయం, ఎందుకంటే కంగారులో అందరూ దాన్నే నమ్ముతారు.

ఇక ప్రశ్న. మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళినప్పుడు డాక్టరును సూటిగా అడగండి: "ఇంట్లో ఫిట్ వచ్చి ఆగకపోతే మేం ఇవ్వగలిగిన మందు రాసిస్తారా?" అందరికీ రాయరు. ఒకసారి ఫిట్ వచ్చినవాళ్ళకు, ఇంకా ముప్పు ఉన్నవాళ్ళకు రాస్తారు. మామూలుగా అది మిడాజోలం అయి ఉంటుంది, ముక్కులో కొట్టే స్ప్రే గానీ, బుగ్గకూ చిగురుకూ మధ్య పోసే ద్రవం గానీ. చాలాచోట్ల పిల్లలకు ఫిట్స్ వస్తే మలద్వారం గుండా డయజెపామ్ ఇవ్వడం అలవాటు. ల్యుకేమియా వైద్యంలో ఉన్నవాళ్ళకు ఆ దారి మంచిది కాదు. తెల్లకణాలు తక్కువున్నప్పుడు అక్కడ చిన్న గీత పడినా సూక్ష్మజీవులు రక్తంలోకి పోతాయి, ప్లేట్‌లెట్లు తక్కువుంటే రక్తం ఆగదు. జ్వరం కొలిచే థర్మామీటరును కూడా ఈ కారణంతోనే అక్కడ పెట్టనివ్వరు. నోటినిండా పుండ్లున్నా, ముక్కులోంచి తరచూ రక్తం వస్తున్నా ఆ సంగతి ముందే చెప్పండి, దాన్నిబట్టి ఏ దారిన ఇవ్వాలో వాళ్ళు నిర్ణయిస్తారు.

మందు రాసిస్తే ఎన్ని నిమిషాలకు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, రెండోసారి ఇవ్వొచ్చా లేదా అన్నది డాక్టరు చేతే రాయించుకోండి. ఖాళీ సిరంజితో నర్సు ముందు ఒకసారి చేసి చూపించండి. మా అమ్మ నాలుగుసార్లు చేసింది, నాలుగోసారికి గానీ చెయ్యి వణకడం తగ్గలేదు.

ఆ ఐదు నిమిషాలు

మొదట గడియారం చూడండి, లేదా ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. మిగతా అన్నిటికంటే ఇదే ముందు. ఫిట్స్ చాలావరకు ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. ఐదు నిమిషాలు దాటినవి వాటంతటవి ఆగడం కష్టం, దాన్ని అత్యవసర స్థితిగా లెక్కిస్తారు. ఆ తేడా మీ అంచనాకు అందదు, గడియారానికే అందుతుంది.

తర్వాత మనిషిని పక్కకు తిప్పండి. ఎడమా కుడా అని ఆలోచించక్కర్లేదు, నోట్లో ఊరే లాలాజలం, వాంతి బయటికి కారిపోతే చాలు. తల కింద మెత్తటిది ఏదైనా పెట్టండి, చున్నీ అయినా సరే, మీ అరచేతులైనా సరే. మామూలు మనిషికి తల నేలకు కొట్టుకుంటే బొప్పి కడుతుంది. ప్లేట్‌లెట్లు 20 వేలకు పడిపోయిన మనిషికి అదే దెబ్బ మెదడులో రక్తస్రావం కావచ్చు. మెడ దగ్గర బిగువుగా ఉన్నది వదులు చేయండి, కళ్ళజోడు తీసేయండి, దగ్గర్లో ఉన్న కుర్చీ, స్టాండు, వేడి వస్తువులు పక్కకు జరపండి.

చేతులూ కాళ్ళూ అదిమి పట్టకండి. పట్టుకుంటే ఫిట్ ఆగదు. ఎముక విరగొచ్చు, కండరాల్లో రక్తం కట్టొచ్చు. స్టెరాయిడ్ నెలల తరబడి వాడినవాళ్ళ ఎముకలు ముందే బలహీనంగా ఉంటాయి. నోట్లో ఏమీ పెట్టకండి. నాలుక మింగేయడం అనేది జరగదు. స్పూను వల్ల పన్ను విరిగి గొంతులోకి పోవడం మాత్రం జరుగుతుంది. నీళ్ళు పోయకండి, మాత్ర వేయకండి.

చేతికో ఛాతీకో సెంట్రల్ లైన్ (మందులు ఎక్కించడానికి పెద్ద రక్తనాళంలో పెట్టి ఉంచే గొట్టం) ఉంటే దానిమీద ఒక కన్ను వేయండి. గొట్టం లాగబడకుండా, శరీరం కింద నలగకుండా చూస్తే చాలు. ఊడిపోయి రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో ఆ చోట గట్టిగా నొక్కి పట్టుకోండి.

ఇంట్లో రెండో మనిషి ఉంటే అంబులెన్స్‌కు ఫోన్ వాళ్ళ చేత చేయించండి. ఏళ్ళ తరబడి మూర్ఛ ఉన్నవాళ్ళకు ఐదు నిమిషాల లోపు ఆగిన ఫిట్‌కు ప్రతిసారీ ఆస్పత్రి అక్కర్లేకపోవచ్చు. ల్యుకేమియాకు వైద్యం జరుగుతున్నవాళ్ళకు ఆ సడలింపు లేదు. అర నిమిషమే వచ్చినా, లేచి మామూలుగా మాట్లాడుతున్నా ఆ రోజే, ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్ళాలి. తర్వాత ఫిట్స్ మందులు మొదలై, మళ్ళీ చిన్నగా వస్తే ఏం చేయాలో డాక్టరు వేరే పద్ధతి రాసిస్తే అప్పుడు దాని ప్రకారం నడుచుకోవచ్చు.

చేయి ఖాళీగా ఉంటే వీడియో తీయండి. ఆ సమయంలో ఫోన్ తీయడం ఎబ్బెట్టుగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఏ పక్క మొదలైంది, కళ్ళు ఎటు తిరిగాయి, తల ఎటు లాగింది అన్నవి నరాల డాక్టరుకు మెదడులో ఏ భాగమో చెబుతాయి. తమ్ముడి విషయంలో "బొటనవేలు ముందు" అన్న ఒక్క మాటే మెదడు ఎడమవైపు చూడమని చెప్పింది.

కొట్టుకోవడం ఆగిన తర్వాత

ఊపిరి చూడండి. గురకలాంటి శబ్దం కాసేపు రావడం మామూలే. పెదవులు నీలంగానే ఉండిపోతే, ఊపిరి సరిగ్గా ఆడకపోతే ఆ మాట అంబులెన్స్ వాళ్ళకు వెంటనే చెప్పండి. మిడాజోలం ఇచ్చి ఉంటే దాని వల్ల కూడా ఊపిరి నెమ్మదించవచ్చు కాబట్టి పక్కనుంచి కదలకండి.

నాలుక కొరుక్కుని ఉంటే రక్తం మీరనుకున్నదానికంటే ఎక్కువ కారుతుంది. పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో వేలు పెట్టకండి. తెలివి వచ్చాక తడిపిన శుభ్రమైన గాజ్ (కట్టు కట్టే పలుచటి గుడ్డ)తో మెల్లగా నొక్కి పట్టుకోమనండి. తిండీ నీళ్ళూ అడిగినా, నాలుగు మాటలు స్పష్టంగా మాట్లాడి, ఎక్కడున్నాడో చెప్పేదాకా ఇవ్వకండి.

ఒక చెయ్యి, కాలు కొన్ని గంటలు పనిచేయకపోవచ్చు. ఫిట్ తర్వాత అలా జరగడం ఉంది, తగ్గిపోతుంది కూడా. అయితే అది ఫిట్ తర్వాతి బలహీనతా, మెదడులో గడ్డకట్టిన రక్తమా అన్నది ఇంట్లో తేల్చే విషయం కాదు. తలనొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి అసలు ఇవ్వకండి.

జ్వరం చూసి రాసుకోండి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్, దానికి మించితే ఆ సంగతి ఫిట్‌తో పాటు మొదటి వాక్యంలోనే చెప్పాలి. తెల్లకణాలు తక్కువున్నప్పుడు జ్వరమే ఒక ఎమర్జెన్సీ. రెండూ కలిస్తే మెదడుకు ఇన్ఫెక్షన్ సోకిందేమోనని కూడా చూస్తారు.

వెళ్ళిన చోట కొత్త డాక్టరు ఉంటే "ఫిట్ వచ్చింది" అని ఆగకండి. "ల్యుకేమియా పేషెంట్, కీమోలో ఉన్నాడు, ఇన్ని రోజుల కిందట వెన్నులో మందు ఇచ్చారు, ప్లేట్‌లెట్లు ఇన్ని" అని ఆ కాగితం చేతిలో పెట్టండి. కండకు ఇంజెక్షన్ వేయబోతే ప్లేట్‌లెట్ల మాట మళ్ళీ గుర్తుచేయండి.

ఫిట్ అనిపించనివీ, ఫిట్ కానివీ

అన్ని ఫిట్లూ కొట్టుకోవు. మాట్లాడుతూ మధ్యలో ఆగి శూన్యంలోకి చూడటం, పెదవులు చప్పరించడం, ఒక కన్ను రెప్ప అదేపనిగా ఎగరడం, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, ఇవీ ఫిట్సే కావచ్చు. ఐసీయూలో మత్తుగా పడుకున్న మనిషికి లోపల ఫిట్ నడుస్తూ ఉండొచ్చు, అది ఈఈజీ (మెదడులోని విద్యుత్తును గీసి చూపే పరీక్ష) తీస్తే తప్ప తెలియదు. అందుకే "కీమో నీరసంలే" అని సర్దుకోకండి. నీరసంగా ఉన్న మనిషి అడిగితే సమాధానం చెబుతాడు.

మరోవైపు, రక్తమో ప్లేట్‌లెట్లో ఎక్కిస్తుంటే, జ్వరం పెరుగుతుంటే, ఫంగస్‌కు ఇచ్చే యాంఫోటెరిసిన్ నడుస్తుంటే వచ్చే చలివణుకు మంచం కదిలిపోయేంతగా ఉంటుంది. కానీ మనిషి మీతో మాట్లాడుతూనే ఉంటాడు, దుప్పటి అడుగుతాడు. అది ఫిట్ కాదు, అయినా నర్సును పిలవాలి. లేవగానే కళ్ళు తిరిగి పడిపోయి రెండు మూడు సార్లు చేతులు ఎగరడం కూడా సొమ్మసిల్లడమే కావచ్చు. తేల్చుకోలేకపోతే ఫిట్ అనే అనుకోండి.

ఎందుకొచ్చిందో వెతికేటప్పుడు మీరు చేయగలిగింది

ఆస్పత్రిలో మొదట చేసేవి చిన్న పరీక్షలే. వేలి చివర రక్తంతో షుగర్, తర్వాత సోడియం, కాల్షియం, మెగ్నీషియం, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు, కాలేయం, కిడ్నీ, కొన్నిసార్లు అమ్మోనియా. ఆ వెంటనే సీటీ, వీలును బట్టి ఎంఆర్ఐ, ఈఈజీ. జ్వరం ఉన్నా, జబ్బు మెదడుకు పాకిందన్న అనుమానం ఉన్నా వెన్నులో నీరు తీస్తారు, ప్లేట్‌లెట్లు తక్కువుంటే ముందు ఎక్కించి తీస్తారు. ఈ వరుసలో మీ పాత్ర తేదీలు చెప్పడమే. ఏ మందు తర్వాత ఎన్ని రోజులకు అన్నది తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

ఉదాహరణకు మెథోట్రెక్సేట్ అనే కీమో మందు సంగతి చూడండి. వెన్నులో గానీ, పెద్ద మోతాదులో రక్తనాళంలో గానీ ఇచ్చాక చాలావరకు రెండు రోజుల నుంచి రెండు వారాల లోపు ఇది మెదడు మీద ప్రభావం చూపుతుంది. ఫిట్‌గా రావచ్చు, లేదా పక్షవాతంలా ఒక పక్క పడిపోయి, మాట పోయి, గంటకో రకంగా మారుతూ ఉండొచ్చు. చూస్తున్నవాళ్ళ ప్రాణం పోతుంది గానీ చాలామందిలో కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది, తర్వాత అదే మందు మళ్ళీ తీసుకోగలిగినవాళ్ళూ ఎక్కువే. దగ్గు మందుల్లో ఉండే డెక్స్ట్రోమెథార్ఫాన్‌ను కొందరు డాక్టర్లు దీనికి ఇస్తారు. అది విని ఇంట్లో దగ్గు సిరప్ పోయకండి, అది డాక్టరు చేతి లెక్క. మీ చేతిలో ఉన్నది వేరొకటి: పెద్ద మోతాదు తర్వాత విరుగుడుగా ఇచ్చే ల్యూకోవొరిన్ మాత్ర వేళ తప్పకుండా చూడటం. రాత్రి రెండింటికి ఉంటే రెండింటికి లేపి వేయాలి. ఆ రోజుల్లో నొప్పి మాత్రలు, గ్యాస్ మాత్రలు, విటమిన్లు కూడా అడగకుండా వేయకూడదు. కొన్ని ఆ మందును ఒంట్లోంచి పోనివ్వవు.

ఆస్పరాజినేస్ అనే ల్యుకేమియా మందుది వేరే తీరు. ఇది రక్తం గడ్డకట్టే సమతూకాన్ని చెడగొడుతుంది, దాంతో మెదడులోంచి రక్తాన్ని కిందికి తెచ్చే సిరల్లో గడ్డ కట్టొచ్చు. ఫిట్‌కు ముందు రెండు మూడు రోజులుగా వదలని తలనొప్పి, వాంతులు ఉన్నాయా గుర్తు తెచ్చుకోండి. మామూలు సీటీలో ఈ గడ్డ కనపడకుండా పోవచ్చు. అందుకే ఈ మందు వాడుతున్నట్టు తెలిస్తే సిరలను చూపించే స్కాన్ కూడా తీయిస్తారు.

స్టెరాయిడ్‌తో బీపీ పెరుగుతుంది, ముఖ్యంగా మొదటి నెల వైద్యంలో. బీపీ పెరిగి, తలనొప్పి వచ్చి, చూపు మసకబారి, ఆపై ఫిట్ వస్తే డాక్టర్లు ప్రెస్ అనే పరిస్థితిని అనుమానిస్తారు. ఇందులో మెదడు వెనకభాగం వాస్తుంది. ఎముక మజ్జ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వల్ల కూడా ఇదే వస్తుంది. బీపీ దించి, కారణమైన మందు తగ్గిస్తే చాలావరకు పూర్తిగా తగ్గుతుంది. స్టెరాయిడ్ వాడుతున్న రోజుల్లో ఇంట్లో బీపీ మిషన్ ఉంచుకోవడం నా దృష్టిలో థర్మామీటరంత అవసరం. పిల్లలకైతే వాళ్ళ చేతికి సరిపోయే పట్టీ ఉండాలి, వయసును బట్టి ఎంత దాటితే ఫోన్ చేయాలో ముందే రాయించుకోవాలి. "చదివేది కనపడట్లేదు" అని పిల్లాడంటే కళ్ళజోడు గురించి ఆలోచించకండి, బీపీ చూడండి.

విన్‌క్రిస్టిన్ అనే కీమో ఇంజెక్షన్ గురించి ఎవరూ పెద్దగా అనుకోరు గానీ, దానికి ఫంగస్ మందు తోడైతే కథ మారుతుంది. వొరికోనజోల్, పోసాకోనజోల్, ఇట్రాకోనజోల్ లాంటివి విన్‌క్రిస్టిన్ కరిగిపోకుండా అడ్డుపడతాయి. అప్పుడు విపరీతమైన మలబద్ధకం, దవడ నొప్పి, సోడియం పడిపోవడం, దాంతో ఫిట్ రావొచ్చు. అందుకే ఇంజెక్షన్ రోజున ఫంగస్ మాత్ర ఆపాలా అని ప్రతిసారీ అడగాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తెల్లకణాలు లక్షల్లో ఉన్నప్పుడు మొదటి వారంలో కణాలు ఒక్కసారిగా చితికి కాల్షియం పడిపోవచ్చు. సెఫెపైమ్, ఇమిపెనెమ్ లాంటి యాంటీబయాటిక్‌లు, ట్రమడాల్ అనే నొప్పి మందు ఫిట్‌కు దారి సులువు చేస్తాయి, కిడ్నీ సరిగ్గా లేకపోతే మరీను. మార్పిడికి ముందు ఇచ్చే బుసల్ఫాన్‌తో ఫిట్స్ రావొచ్చని తెలుసు కాబట్టి దానితో పాటే నివారణ మందు ఇస్తారు. చిన్నపిల్లలు పరీక్ష కోసం పొద్దున్నే ఖాళీ కడుపుతో ఎక్కువసేపు ఉంటే, 6-ఎంపీ అనే కీమో మాత్ర వాడుతుంటే, షుగర్ పడిపోవచ్చు. వాళ్ళ పేరు లిస్టులో ముందు పెట్టించండి.

ఒంట్లోని రోగనిరోధక కణాల చేతే ల్యుకేమియాను చంపించే వైద్యాలైన కార్-టీ కణాలు, బ్లినటుమోమాబ్ తీసుకునేవాళ్ళ దగ్గర చాలాసార్లు ఫిట్ కంటే ముందు చేతిరాత చెడుతుంది. రోజూ ఒకే వాక్యం రాయిస్తారు. నిన్న గీత మీద తిన్నగా ఉన్న అక్షరాలు ఇవాళ కొండెక్కి దిగుతుంటే, 100 నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టమంటే 70 దగ్గర ఆగిపోతుంటే, పెన్ను చూపించి ఇదేమిటంటే వెతుక్కుంటుంటే, మెదడు మీద ప్రభావం మొదలైందన్నమాట. బ్లినటుమోమాబ్ పంపుతో ఇంటికి పంపినప్పుడు ఈ పని మీదవుతుంది. రోజూ అదే వేళకు, అదే నోటుపుస్తకంలో రాయించండి. తేడా కనపడగానే ఫోన్ చేయండి. మర్నాటి వరకు ఆగకండి.

ఫిట్స్ మందు ఎవరు రాశారు, కీమో డాక్టరు చూశారా

ఇక్కడ తప్పులు ఎక్కువ జరుగుతాయని నా అనుమానం, ఎందుకంటే ఇద్దరు డాక్టర్లు, రెండు చీటీలు, మధ్యలో మనం.

ఫెనిటోయిన్, కార్బమాజెపైన్, ఫెనోబార్బిటాల్, ఈ మూడూ పాతవి, అన్నిచోట్లా దొరికేవి, ఫిట్స్‌ను బాగా ఆపేవి. చిక్కు ఎక్కడంటే ఇవి కాలేయాన్ని తొందరపెడతాయి. తొందరపడ్డ కాలేయం కీమో మందుల్ని కూడా గబగబా కరిగించేస్తుంది. విన్‌క్రిస్టిన్, ఎటొపొసైడ్, స్టెరాయిడ్, సీఎంఎల్ రకం ల్యుకేమియాలో వాడే ఇమాటినిబ్, దసాటినిబ్, ఏఎంఎల్ రకంలో వాడే వెనెటోక్లాక్స్, మార్పిడి తర్వాతి టాక్రోలిమస్, అన్నీ సీసా మీద రాసినంత ఇచ్చినా ఒంట్లో తక్కువే ఉంటాయి. 2000లో లాన్సెట్ పత్రికలో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆస్పత్రివాళ్ళు ఏఎల్ఎల్ రకం ల్యుకేమియాకు వైద్యం పొందిన 716 మంది పిల్లల వివరాలు రాశారు. వాళ్ళలో ఇలాంటి ఫిట్స్ మందులు 30 రోజులు దాటి వాడినవాళ్ళ ఒంట్లోంచి కీమో మందులు త్వరగా పోయాయి, ల్యుకేమియా తిరగబెట్టడం కూడా ఎక్కువగా కనిపించింది. ఎమర్జెన్సీలో ఫిట్ ఆగక ఒక డోసు ఫెనిటోయిన్ ఇస్తే భయపడక్కర్లేదు, ఆ నిమిషంలో ప్రాణమే ముఖ్యం. ఇంటికి పంపే చీటీలో అదే కొనసాగుతోందా అన్నది అడగాలి.

వాల్‌ప్రోయేట్ అనే మరో ఫిట్స్ మందుతో వేరే ఇబ్బంది. ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది, కాలేయం మీద బరువు, అమ్మోనియా పెంచుతుంది. కాలేయం, అమ్మోనియా విషయంలో ఆస్పరాజినేస్ కూడా ఇదే చేస్తుంది. పైగా జ్వరం వచ్చి మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడితే రక్తంలో వాల్‌ప్రోయేట్ ఒకటి రెండు రోజుల్లోనే పడిపోయి ఫిట్ మళ్ళీ రావొచ్చు.

అందుకే ఎక్కువమంది డాక్టర్లు లెవెటిరాసెటామ్ అనే ఫిట్స్ మందుతో మొదలుపెడతారు. కాలేయంతో దానికి పెద్దగా పనిలేదు, మూత్రంలో పోతుంది, కీమోతో గొడవ పడదు. ఇంజెక్షన్ నుంచి మాత్రకు మారినా మోతాదు అదే. దాని చెడ్డగుణం కోపం. మా తమ్ముడు ఎప్పుడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, మూడో వారంలో రిమోట్ గోడకేసి కొట్టాడు. స్టెరాయిడ్ వల్ల అనుకున్నాం. రెండూ కలిసే చేశాయని తర్వాత డాక్టరు చెప్పారు. చిరాకు, ఏడుపు, బతకాలని లేదన్న మాటలు వస్తే ఆ రోజే చెప్పండి, మోతాదు మారుస్తారు, కొందరికి బీ6 విటమిన్ కలుపుతారు, లేదా మందే మారుస్తారు. మెథోట్రెక్సేట్ వల్ల కిడ్నీ దెబ్బతింటే లెవెటిరాసెటామ్ తగ్గించాల్సి ఉంటుంది, ఆ రిపోర్టు నరాల డాక్టరుకు కూడా చేరాలి.

కాబట్టి పద్ధతి ఒక్కటే పెట్టుకోండి. ఏ డాక్టరు ఏ కొత్త మందు రాసినా, మొదటి మాత్ర మింగేలోపు ఆ చీటీ ఫొటో కీమో డాక్టరుకో, ఆ వార్డు ఫార్మసిస్టుకో పంపి "సరే" అనిపించుకోండి. నాటు మందులకూ ఇదే వర్తిస్తుంది.

ఇంటికొచ్చాక

ఫిట్స్ మందు వేళ తప్పకూడదు. వాంతి అయితే మాత్ర మింగిన టైమూ వాంతి టైమూ రాసుకుని ఫోన్ చేయండి. మళ్ళీ వేయాలా వద్దా అన్నది ఆ గడువును బట్టి వాళ్ళు చెబుతారు. మింగలేనంత నోటి పుండ్లుంటే అదే మందు సిరప్‌గా దొరుకుతుందేమో అడగండి. బాగానే ఉన్నాడు కదా అని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేస్తే, అంతకుముందు వచ్చినదానికంటే పెద్ద ఫిట్ రావొచ్చు.

నిద్ర కాపాడండి. స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది, నిద్రలేమి ఫిట్‌ను పిలుస్తుంది. స్టెరాయిడ్ డోసులు సాధ్యమైనంత పొద్దున్నే పడేలా మార్చవచ్చా అని అడిగి చూడండి. స్నానానికి వెళ్ళినప్పుడు గడియ పెట్టకూడదు, టబ్బు కంటే స్టూలు మీద కూర్చుని స్నానం చేయడం నయం. ఈత, నిచ్చెన, ఒంటరిగా పొయ్యి దగ్గర నిలబడటం, బండి నడపడం డాక్టరు ఒప్పుకునేదాకా వద్దు. మంచం అంచులకు దిండ్లు, బల్ల మూలలకు మెత్తటి గుడ్డ. పెద్దవాళ్ళకు ఇది చిన్నతనంగా అనిపిస్తుంది. మా వాడు రెండు రోజులు అలిగాడు. ప్లేట్‌లెట్ల అంకె చూపించాక మాట్లాడలేదు.

ఎన్నాళ్ళు వాడాలి

సోడియం పడిపోయి వచ్చిన ఫిట్, ప్రెస్ వల్ల వచ్చిన ఫిట్, మెథోట్రెక్సేట్ వల్ల వచ్చినది, ఇలా కారణం తెలిసి అది సర్దుకుంటే ఏళ్ళ తరబడి మందు అక్కర్లేదు. ఎంఆర్ఐ, ఈఈజీ మళ్ళీ చూసి కొన్ని వారాలకో, నెలలకో తగ్గిస్తూ వస్తారు. మెదడులో రక్తస్రావం, గడ్డ, ఇన్ఫెక్షన్ మచ్చ మిగిల్చినవాళ్ళకు ఎక్కువకాలం పడుతుంది. తగ్గించడం మొదలుపెట్టే వారం వెన్నులో మందు ఇచ్చే వారం కాకుండా చూడమని అడగొచ్చు, ఫిట్ వస్తే ఏది కారణమో తేల్చడం కష్టమవుతుంది మరి.

మాత్రలు ఆగిపోయాక కూడా ఆ మిడాజోలం ఎన్నాళ్ళు ఇంట్లో ఉంచుకోవాలో అడిగి తెలుసుకోండి. దాని మీద గడువు తేదీ ఉంటుంది, చూడండి. మా ఇంట్లో ఉన్నది గడువు తీరి ఆరు నెలలైందని, దాన్ని పారేయడానికి డబ్బా తీసిన రోజు గానీ మేం గమనించలేదు.